బెట్ట పెట్టిన మాట

నల్లగొండ జిల్లాలో బత్తాయి తోట ఉన్నవాళ్లకు ఒక సంగతి బాగా తెలుసు. పూత కావాలంటే చెట్టుకు కొన్నాళ్లు నీళ్లు ఆపాలి. ఆకులు కొద్దిగా వాడేదాకా బెట్ట పెట్టి, ఆ తర్వాత ఎరువు వేసి తడి ఇస్తే చెట్టు నిండా పూత వస్తుంది. ఎప్పుడూ తడి ఆరనివ్వకపోతే ఆకు ఏపుగా పెరుగుతుంది గానీ పూత సరిగా రాదు.

మా అక్క కూతురు అమెరికాలో పీజీ చదువు కోసం రాసే జీఆర్ఈ పరీక్షకు చదువుతోంది. దసరాకు ఇంటికి వచ్చినప్పుడు ఒక లావుపాటి ఇంగ్లిష్ పదాల పుస్తకం నా ముందు పెట్టింది. "మామా, రోజుకు వంద మాటలు చదువుతున్న. తెల్లారేసరికి పది గూడ యాదికుంటలేవు. నా బుర్రే మంచిది కాదేమో" అంది. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది.

బుర్రకేమీ కాలేదు. 1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త తన మీద తానే చేసుకున్న ప్రయోగాలను పుస్తకంగా అచ్చు వేశాడు. అర్థం లేని అక్షరాల గుంపులను కంఠస్థం చేసేవాడు. కొంతకాలం ఆగి మళ్లీ నేర్చుకుంటూ, ఈసారి ఎంత సమయం కలిసొచ్చిందో లెక్క కట్టేవాడు. 20 నిమిషాలు ఆగితే 58 శాతం కలిసొచ్చింది. ఒక రోజు ఆగితే 34 శాతం. నెల ఆగినా 21 శాతం మిగిలే ఉంది. అంటే మరుపు మొదటి రోజే జోరుగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది. మా పిల్ల భయపడింది ఆ మొదటి రోజును చూసే.

అసలు పొరపాటు చదివే తీరులో ఉంది. మా పిల్ల పుస్తకం తెరిచి మాటనూ అర్థాన్నీ పక్కపక్కనే పెట్టుకుని పదేపదే చదువుతోంది. కళ్లముందే ఉంది కాబట్టి వచ్చేసినట్టే అనిపిస్తుంది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని విద్యార్థుల మీద పరీక్షించారు. కొందరు ఒక పాఠాన్ని రెండుసార్లు చదివారు. మరికొందరు ఒక్కసారే చదివి, రెండోసారి చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి, వాళ్లకు 81 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 75. వారం తర్వాత తిరగబడింది. చూడకుండా రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది, మిగతావాళ్లకు 42.

నాకు బత్తాయి తోట యాదికొచ్చేది ఇక్కడే. మాట కాస్త వాడాలి. జారిపోతుందా అనే దశలో, పుస్తకం చూడకుండా దాన్ని బయటికి లాగాలి. ఆ లాగడంలో పడే శ్రమే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది. అయితే పూర్తిగా ఎండనిస్తే బత్తాయి చెట్టే చచ్చిపోతుంది, మాట కూడా అంతే. అందుకే ఎడం కొలిచి పెట్టాలి.

దానికి 1972లో సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ పాత్రికేయుడు చెప్పిన పద్ధతి ఉంది. మేము పాత పెళ్లి పత్రికలను ముక్కలుగా కోసి, ముందు మాట, వెనక అర్థం రాశాం. ఒక చెప్పుల డబ్బాలో ఐదు అరలు చేశాం. మొదటి అర రోజూ తీయాలి. రెండోది మూడు రోజులకు, మూడోది వారానికి, నాలుగోది పదిహేను రోజులకు, ఐదోది నెలకు. చెప్పగలిగితే చీటీ పై అరకు వెళ్తుంది. చెప్పలేకపోతే ఎక్కడున్నా మొదటి అరకే రావాలి.

కొన్ని మాటలు మొదటి అర దాటవు. వాటికి తెలుగు కొక్కెం తగిలించాలి. గ్యారులస్ అంటే అదే పనిగా మాట్లాడే స్వభావం ఉన్న అని. అది వినగానే మా పిల్లకు గారెలు తట్టాయి. మూకుడు ముందు కూర్చుని గారెలు చేస్తూ, నోటికి విరామం లేకుండా మాట్లాడే వాళ్ల పెద్దమ్మ కళ్లముందు కనబడింది. ఆ మాట మళ్లీ పోలేదు. ఇలాంటి కొక్కేలను 1975లో అట్కిన్సన్, రా అనే పరిశోధకులు రష్యన్ మాటలతో పరీక్షించారు. 120 మాటల్లో కొక్కెం వాడినవాళ్లకు 72 శాతం, వాడనివాళ్లకు 46 శాతం వచ్చాయి.

తెలిసిన మాటలతో మాత్రం ఎక్కువ జాగ్రత్త కావాలి. 2011 ఆగస్టులో జీఆర్ఈ నుంచి వ్యతిరేక పదాల ప్రశ్నలు తీసేశారు. ఇప్పుడు వాక్యంలో ఖాళీ ఇచ్చి, సరిపోయే మాట ఎంచుకోమంటారు. శాంక్షన్ అంటే మా ఊళ్లో బ్యాంకు లోను మంజూరు కావడం. అదే మాటకు ఒక దేశం మీద విధించే ఆంక్ష అనే అర్థమూ ఉంది. క్వాలిఫై కావడమంటే మనకు పరీక్ష గట్టెక్కడం. కానీ చెప్పిన మాటకు ఒక షరతు తగిలించడాన్నీ క్వాలిఫై అంటారు. అందుకే ఇలాంటి మాటల చీటీల వెనక అర్థంతో పాటు రెండు వాక్యాలు కూడా రాయించాను, ఒక్కో అర్థానికి ఒకటి.

సంక్రాంతికి వచ్చినప్పుడు డబ్బా వెంట తెచ్చింది. నాలుగో అర నుంచి ఒక చీటీ తీసి, అర్థం కనబడకుండా చేత్తో మూసి నాకు చూపించింది. మొలిఫై. నాకు వెంటనే తట్టలేదు.

"పూలమాల తెచ్చి అలక తీర్చుడు, మామా" అంది.