హౌస్ ఫుల్ అయితే లాభమేనా? హోటల్ మేనేజర్ల అపోహలు - వాస్తవాలు

హనుమకొండ, కాజీపేటల్లో కొత్తగా మేనేజరైన పిల్లలు పొద్దున్నే ఓనర్‌కు చెప్పే మొదటి మాట: "సార్, నిన్న హౌస్ ఫుల్." ఓనరూ ఖుషీ. నెలాఖరుకు జీతాలు, కరెంటు బిల్లు కట్టేసరికి గల్లాపెట్టె ఖాళీ.

అపోహ: రూములు నిండితే లాభమే.

వాస్తవం: 40 రూముల హోటల్ అనుకోండి. 1,500 చొప్పున 36 పోతే 54,000. 2,200 చొప్పున 28 పోతే 61,600. లాండ్రీ, టిఫిన్, సబ్బులు, ఏసీ కరెంటు కలిపి అమ్మిన రూముకు 350 ఖర్చు తీసేయండి: 41,400, 51,800. ఎనిమిది రూములు తక్కువ అమ్మినా రోజుకు 10,400 ఎక్కువ. ఆ 36లో 20 యాప్‌ల నుంచి వచ్చి, కమీషన్ 18 శాతమైతే ఇంకో 5,400 గోవిందా.

ఆక్యుపెన్సీ (ఉన్న రూముల్లో ఎన్ని నిండాయన్న శాతం) పక్కనే రెవ్‌పార్ (ఉన్న ఒక్కో రూముకు సగటున వచ్చిన ఆదాయం) కూడా రాయండి. రూముల ఆదాయాన్ని అమ్మినవాటితో కాదు, ఉన్న 40తో భాగించాలి: 1,350, 1,540. ఇందులో ఖర్చు కనిపించదు, అది వేరే లెక్క.

మేడారం జాతర రెండేళ్లకోసారి. తేదీలు నెలల ముందే తెలుస్తాయి. అయినా యాప్‌లో ఎప్పుడో పెట్టిన 20 శాతం డిస్కౌంట్ తీయడం మరుస్తారు. రూములన్నీ ముందే చవగ్గా పోతాయి, పూర్తి రేటు ఇస్తామన్నవాళ్లకు "లేవు" అనాల్సి వస్తుంది. జాతరకు, లగ్గాల ముహూర్తాలకు డిస్కౌంట్ ముందే మూసేయండి. మూఢంలో మాత్రం ధారాళంగా ఇవ్వండి, ఇవాళ్టి ఖాళీ రూమును రేపు అమ్ముకోలేం కదా.

అపోహ: ఇంగ్లిష్ రాకుంటే ఎదగలేం.

ఈ భయంతోనే మంచి పిల్లలు కౌంటర్ దగ్గరికి రారు. పాపం, అక్కడ మాట్లాడేవి రోజూ అవే నాలుగు ముక్కలు, నెలలో వచ్చేస్తాయి. రామప్ప చూడ్డానికొచ్చిన విదేశీయుడు దిగితే అతని వివరాలు 24 గంటల్లో ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి పంపాలి. అది మరిచిపోవడం వ్యాకరణ తప్పుకన్నా ఖరీదైన తప్పు.

అపోహ: బెడ్‌షీట్ల లెక్క సూపర్‌వైజర్ పని.

మంచం మీద ఒక సెట్, లాండ్రీలో ఒకటి, స్టోర్‌లో ఒకటి. 40 రూములకు, రూముకు రెండు షీట్లంటే 240. రెండు సెట్లతో సరిపెడితే లగ్గం రోజు మధ్యాహ్నం షీట్లింకా లాండ్రీలోనే, రూము ఖాళీగానే, పెళ్లివారు మాత్రం రిసెప్షన్ సోఫాలో.