పరీక్షలు ఆగాయి, గడువు ఆగలేదు

ఫ్యామిలీ కోర్టు అనగానే మనకు విడాకులు, మనోవర్తి గుర్తొస్తాయి. అమెరికాలోని ఫ్యామిలీ ట్రీట్‌మెంట్ కోర్టు వేరు. తల్లో తండ్రో మత్తుమందుల్లో పడి పిల్లల్ని చూసుకోలేకపోతే ప్రభుత్వం ఆ పిల్లల్ని ఫోస్టర్ కేర్‌కు, అంటే వేరే కుటుంబాల తాత్కాలిక సంరక్షణకు, తీసుకెళ్తుంది. చికిత్స చేయించి పిల్లల్ని తిరిగి ఇంటికి చేర్చడానికి జడ్జి, వైద్య సిబ్బంది, పిల్లల సంక్షేమ శాఖ, లాయర్లు కలిసి నడిపే కోర్టు ఇది. 1990ల నడుమ నెవాడాలోని రీనోలో మొదలైంది. చరిత్ర ఇంతటితో చాలు. 2020 మార్చిలో కోవిడ్ దీన్ని ఎక్కడ దెబ్బకొట్టిందో తెలియాలంటే మూత్ర పరీక్షల లెక్కల్లోకి దిగాలి.

తల్లిదండ్రులు మత్తు మానేశారో లేదో కోర్టుకు చెప్పేది ఆ పరీక్షలే. చాలాచోట్ల పద్ధతి ఇదీ. పొద్దున్నే ఒక నంబరుకు ఫోన్ చేస్తే ఆ రోజు పరీక్ష ఉందో లేదో తెలుస్తుంది. ఉంటే ఆ రోజే వెళ్లి సిబ్బంది కళ్లెదుట నమూనా ఇవ్వాలి. వారానికి కనీసం రెండుసార్లు, ఏ రోజో ముందు తెలియకుండా, శని ఆదివారాలతో సహా. రెండే ఎందుకంటే కొకెయిన్, మెథాంఫెటమైన్ ఆనవాళ్లు మూత్రంలో మామూలుగా 2 నుంచి 4 రోజులే నిలుస్తాయి. 3 రోజులనుకుందాం. ఏ రోజైనా పరీక్ష పడే అవకాశం 7లో 2. ఒక్కసారి వాడిన మనిషి ఆ మూడు రోజులూ దొరక్కుండా పోయే అవకాశం 5/7ను మూడుసార్లు హెచ్చిస్తే వస్తుంది: సుమారు 36 శాతం. పరీక్ష వారానికి ఒకటే అయితే అది 63 శాతం, రెండు వారాలకు ఒకటైతే 80 శాతం.

ఇక వారానికోసారి చొప్పున నెలలో నాలుగుసార్లు వాడే మనిషిని తీసుకోండి. వారానికి రెండు పరీక్షలుంటే నాలుగుసార్లూ తప్పించుకునే అవకాశం 2 శాతం లోపే. ఒకటైతే 16 శాతం. రెండు వారాలకు ఒకటైతే 41 శాతం! వల అదే, కన్ను పెద్దదైంది, అంతే. బళ్లో సంభావ్యత పాఠాన్ని నాణేలు, పాచికలతోనే ముగించేస్తారు గానీ, ఈ లెక్క చెబితే వెనక బెంచీ కూడా లేచి కూర్చుంటుంది.

కోవిడ్ రాగానే నమూనాలు తీసుకునే కేంద్రాలు చాలావరకు మూతపడ్డాయి, లేదా పనివేళలు తగ్గించాయి. బదులుగా వీడియో కాల్‌లో చూస్తుండగా లాలాజలం తీయడం మొదలైంది. ముందు పది నిమిషాలు ఏమీ తినకూడదు, తాగకూడదు. తర్వాత పుల్లను బుగ్గలో పెట్టుకుని తగినంత తడిసేదాకా ఉంచాలి. మెథాంఫెటమైన్‌తో నోరెండిపోయినవాళ్లకు ఇదే పెద్ద తంటా. పైగా లాలాజలంలో ఆనవాళ్లు ఒకటి రెండు రోజులే ఉంటాయి. రెండు రోజులనుకుని వారానికో పరీక్ష పెడితే తప్పిపోయే అవకాశం 73 శాతం. చర్మానికి అంటించే చెమట పట్టీ వారం పది రోజులు ఖాళీ లేకుండా కాపలా కాస్తుంది. కానీ దాన్ని అంటించడానికీ తీయడానికీ శిక్షణ ఉన్న మనిషి దగ్గరికి రావాలి. అదే కదా అప్పట్లో కుదరనిది. పోనీ ఇంట్లోనే మూత్రం పట్టిద్దామంటే, అది అప్పుడే ఒంట్లోంచి వచ్చిందని తేల్చడానికి, పట్టిన నాలుగు నిమిషాల్లో 32–38 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉందో లేదో ఎవరు చూస్తారు? (నీళ్లు, నిమ్మరసం తెగ తాగితే గట్టెక్కుతామన్న నమ్మకం అక్కడా ఉంది. మూత్రంలో మామూలుగా ఉండే క్రియాటినిన్ అనే వ్యర్థం డెసిలీటరుకు 20 మిల్లీగ్రాముల కిందికి పడిపోయిందంటే నమూనా పలచబడిందని ల్యాబ్ రాసేస్తుంది.)

మద్యం పరీక్షలో మరో చిక్కు. కాలేయం ఆల్కహాల్‌లో చాలా చిన్న వంతును గ్లూక్యురోనిక్ ఆమ్లంతో జతచేసి ఇథైల్ గ్లూక్యురోనైడ్‌గా మారుస్తుంది. తాగిన రెండు మూడు రోజుల తర్వాత కూడా అది మూత్రంలో కనిపిస్తుంది. శానిటైజర్‌లో ఉండేదీ అదే ఆల్కహాల్, 60 శాతం పైనే. చేతులు రుద్దుకుంటున్నప్పుడు లేచే ఆవిరి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 2011లో ఫ్లోరిడాలో వెలువడిన అధ్యయనంలో కొందరు రోజుకు పది గంటలు, ఐదేసి నిమిషాలకోసారి, మూడు రోజులు శానిటైజర్ రాసుకున్నారు. చుక్క తాగకపోయినా ఒకరి మూత్రంలో ఇథైల్ గ్లూక్యురోనైడ్ మిల్లీలీటరుకు 2,000 నానోగ్రాములు తేలింది. చాలా ల్యాబులు గీత గీసేది 100 దగ్గరో 500 దగ్గరో! మామూలు వాడకంలో అంత రాదు. కానీ 2020లో ఆసుపత్రిలో ఊడ్చే తల్లి వాడకాన్ని మామూలనగలమా? అనుమానం వస్తే ఆల్కహాల్ మిగిల్చే మరో ఆనవాలు ఇథైల్ సల్ఫేట్ కూడా చూడాలి, లేదా రక్తంలో ఫాస్ఫటిడైల్ ఇథనాల్ అనే ఇంకో ఆనవాలుకు పరీక్ష చేయించాలి. ఈ రెండోది ఎర్రకణాల పొరలో తయారై రెండు నుంచి నాలుగు వారాలు ఉంటుంది.

దొరక్కుండా పోయినవాళ్ల సంగతి అలా ఉంచితే, అసలు నష్టం మానేసినవాళ్లదని నా అభిప్రాయం. తాను మత్తుకు దూరంగా ఉన్నానని చెప్పడానికి మానేసిన తల్లి చేతిలో ఉన్న రుజువు వరుసగా వచ్చిన నెగెటివ్ ఫలితాలే. పరీక్ష లేకపోతే రుజువూ లేదు. 1997 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం బిడ్డ గత 22 నెలల్లో 15 నెలలు ఫోస్టర్ కేర్‌లో గడిపితే, తల్లిదండ్రుల హక్కుల రద్దుకు రాష్ట్రం పిటిషన్ వేయాలి. మన సుప్రీంకోర్టు 2020 మార్చి 23న, అదే నెల 15 నుంచి వర్తించేలా, కేసులు దాఖలు చేసే గడువులను పొడిగించింది. అక్కడి 15 నెలల లెక్కకు కోవిడ్ సెలవు లేదు. తగిన కారణం చూపినా, ప్రభుత్వం ఇవ్వాల్సిన సేవలు ఇవ్వకపోయినా మినహాయింపు ఉంది గానీ, అది ప్రతి కేసులో లాయరు విడిగా వాదించి తెచ్చుకోవాల్సిందే.

పిల్లల్ని కలవడం కూడా మెట్లు మెట్లుగా సాగుతుంది: ముందు పర్యవేక్షణలో, తర్వాత పర్యవేక్షణ లేకుండా, ఆపై రాత్రి బస. వీడియో కాల్‌లో ఆ మెట్లెక్కడం ఎలా? ఎనిమిది నెలల బిడ్డ తెరలోని అమ్మను రెండు నిమిషాలు చూసి ఫోన్ నోట్లో పెట్టుకుంటుంది. అందరికీ కలిపి ఒకే ఆర్డరుతో సందర్శనలు ఆపేయొద్దని పిల్లల సంక్షేమం చూసే ఫెడరల్ చిల్డ్రన్స్ బ్యూరో 2020 మార్చి 27న లేఖ రాసింది.

మేలు జరిగిన చోట్లూ ఉన్నాయి. రెండు బస్సులు మారి కోర్టుకు రావాల్సినవాళ్లు వీడియో వాయిదాలకు తప్పకుండా హాజరయ్యారని చాలా కోర్టులు గమనించాయి. అయితే, కొట్టే భర్త పక్కగదిలో ఉంటే ఏ తల్లీ వీడియోలో నోరు విప్పలేదు. చికిత్సలోనూ సడలింపులు వచ్చాయి. హెరాయిన్ లాంటి ఓపియాయిడ్ల వ్యసనానికి వాడే మందు మెథడోన్‌ను 2020 మార్చి నుంచి నిలకడగా ఉన్నవాళ్లకు 28 రోజులకు, మిగతావాళ్లకు 14 రోజులకు ఇంటికిచ్చే వెసులుబాటు వచ్చింది. అదే వ్యసనానికి వాడే మరో మందు బ్యూప్రెనార్ఫిన్‌ను ఫోన్‌లో మాట్లాడి కూడా మొదలుపెట్టనిచ్చారు. మెథడోన్ సడలింపును 2024లో శాశ్వత నిబంధనల్లో చేర్చారు.