మెట్లు, ర్యాంపులు మ్యాపులోకి ఎక్కించేటప్పుడు: అపోహలు - వాస్తవాలు

ఎవరైనా మార్చగలిగే ఉచిత ఆన్‌లైన్ మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఆరుబయట మెట్లు గీసేవాళ్ల నుంచి నేను తరచూ వినే మాటలివి.

అపోహ: మెట్లకు ర్యాంపు ఉంటే "ర్యాంప్=యెస్" అనే ట్యాగు (గీసినదాని వివరం చెప్పే చీటీ) పెడితే చాలు.

వాస్తవం: చాలదు. సైకిల్‌ నడిపించుకుంటూ వెళ్లడానికి మెట్ల అంచున జానెడు వెడల్పున పోసిన సిమెంటు పట్టీ కూడా ర్యాంపే. దానిమీద వీల్‌చైర్ ఎక్కదు. అందుకే సైకిల్‌కి, పిల్లల బండికి, వీల్‌చైర్‌కి, సామానుకి వేర్వేరు ట్యాగులున్నాయి. అది ఎవరికి పనికొస్తుందో రాయకపోతే, మ్యాపును నమ్మి వచ్చిన మనిషి మెట్ల కింద ఆగిపోవాల్సి వస్తుంది. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. ఇక మెట్లకు దూరంగా మలుపులు తిరుగుతూ పోయే ర్యాంపు ఉంటే, దాన్ని విడిగా కాలిబాటగా గీసి రెండు చివర్లూ దారికి కలపాలి.

అపోహ: ర్యాంపు వెడల్పుగా ఉంటే వీల్‌చైర్‌కి పనికొచ్చినట్టే.

వాస్తవం: వాలు కూడా చూడాలి. చాలా చోట్ల ప్రమాణంగా తీసుకునేది 1:12, అంటే సుమారు 8.3 శాతం. 15 సెంటీమీటర్ల ఎత్తున్న మెట్లు ఆరు ఉన్నాయనుకోండి, మొత్తం ఎత్తు 90 సెంటీమీటర్లు. ఆ లెక్కన ర్యాంపు దాదాపు 11 మీటర్లు సాగాలి. అక్కడ 3 మీటర్లదే కనిపిస్తే వాలు 30 శాతం! వెనక నుంచి ఎవరో బలంగా తోసినా ప్రమాదమే. కాబట్టి ఒక మెట్టు ఎత్తు, మెట్ల సంఖ్య, ర్యాంపు పొడవు టేపుతో కొలవండి. వచ్చిన శాతాన్ని వాలు చెప్పే "ఇన్‌క్లైన్" ట్యాగులో రాయండి. శాటిలైట్ ఫొటోలో ఇది తెలియదు, మనిషి వెళ్లి చూడాల్సిందే.

అపోహ: కింద నుంచి పైదాకా ఒకే గీత గీసేయొచ్చు.

వాస్తవం: మధ్యలో చదునైన ల్యాండింగ్ వస్తే అక్కడ గీత తెంచాలి. చాలాసార్లు పక్కదారి వచ్చి కలిసేది అక్కడే. ఆ కలయిక దగ్గర రెండు గీతలకూ ఉమ్మడి నోడ్ (మ్యాపులో గీతలను కలిపే బిందువు) లేకపోతే, దారి చూపే రూటింగ్ యాప్‌కి ఆ దారి లేనట్టే. మెట్ల సంఖ్య, హ్యాండ్‌రైల్ ఏ పక్క ఉందన్నది కూడా ముక్కముక్కకీ మారొచ్చు.

అపోహ: వెడల్పాటి మెట్లను ఏరియాగా, అంటే చుట్టూ గీత మూసి ఒక ఆకారంగా, గీస్తే పనైపోతుంది.

వాస్తవం: ఏరియా ఆకారం చూపిస్తుందంతే. దారి వెతికే యాప్‌లు ఎక్కువగా గీతల వెంటే పోతాయి కాబట్టి గీత కూడా ఉండాలి.

అపోహ: మెట్ల గీత ఎటు నుంచి గీసినా ఒకటే.

వాస్తవం: "ఇన్‌క్లైన్=అప్" అంటే గీత గీసిన దిశలో మెట్లు పైకి వెళ్తున్నాయని అర్థం. దిశ తిప్పితే విలువనూ "డౌన్" చేయాలి.