ఆర్‌ఎక్స్-8 అంత చవగ్గా ఎందుకొస్తుంది? రెండు మిల్లీమీటర్ల సీలు వెనక అరవై ఏళ్ళ కథ

పోయిన సమ్మర్‌లో డాలస్‌లో ఎమ్మెస్ చేస్తున్న మా జూనియర్ ఒకడు వాట్సాప్‌లో లింక్ పడేసి "అన్నా, స్పోర్ట్స్ కారు, ఆరు గేర్ల మాన్యువల్, లక్ష మైళ్ళు కూడా తిరగలేదు, పాత క్యామ్రీ రేటులో సగానికి ఇస్తున్నాడు, ఏంటన్నా మతలబు" అని అడిగాడు. చూస్తే ఎర్ర రంగు మాజ్డా ఆర్‌ఎక్స్-8, 2005 మోడల్. మతలబు ఉందిరా, కానీ అది అమ్మేవాడిది కాదు, ఆ కారు పుట్టకముందు నుంచీ ఉంది అని టైప్ చేశా, ఇంక అక్కణ్ణుంచి వాడు అడగడం నేను చెప్పడం, రాత్రి రెండయింది. అప్పుడు చెప్పిందే ఇప్పుడు కాస్త వరసలో పెడుతున్నా.

మనూళ్ళో మాజ్డా అంటే స్వరాజ్ మాజ్డా వ్యానే, స్కూలు పిల్లల్ని కుక్కుకుని పోయేది. ఆర్‌ఎక్స్-8 ఇండియాలో అధికారికంగా ఎప్పుడూ అమ్మలేదు, అందుకే మనవాళ్ళకి ఇది మొదటిసారి తగిలేది అమెరికా వచ్చాకే, అదీ యూజ్‌డ్ లిస్టింగ్స్‌లో కళ్ళు నులుముకునే రేటుతో. కొత్తలో పాతికవేల డాలర్ల పైన ఉన్న బండి. చూడ్డానికి కూపే, కానీ వెనక రెండు చిన్న తలుపులు దాక్కుని ఉంటాయి, నలుగురు ఎక్కొచ్చు. నడిపితే మాత్రం వదలబుద్ధి కాదు, 9 వేల ఆర్‌పీఎం దాకా ఇంజిన్ మిక్సీలాగా నున్నగా ఎక్కేస్తుంది. ఇంత మంచి బండి ఇంత తక్కువకి ఎందుకు అంటే సమాధానం బానెట్ కింద ఉంది.

ఆ ఇంజిన్‌లో పిస్టన్లు ఉండవు, వాల్వులు ఉండవు. పక్కలు కాస్త ఉబ్బిన సమోసా లాంటి రోటర్, నడుం దగ్గర నొక్కినట్టుండే గుండ్రటి గదిలో తిరుగుతూ ఉంటుంది, అందుకే దీన్ని రోటరీ ఇంజిన్ అంటారు. మూడు మూలలూ ఎప్పుడూ గోడని రాసుకుంటూనే ఉండాలి, లేకపోతే ఒక వైపు మండే గ్యాసు పక్క వైపుకి జారిపోతుంది. ఆ మూలల్లో కూర్చునేదే అపెక్స్ సీల్: 80 మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల మందం, అంటే ఐస్‌క్రీమ్ పుల్లంత ఇనప ముక్క. మామూలు ఇంజిన్‌లో పిస్టన్ రింగులకి కింద నుంచి ఆయిల్ చిమ్ముతూ ఉంటుంది, ఈ సీలుకి ఆ అదృష్టం లేదు. అందుకని ఇంజినే తన ఆయిల్ కొంచెం కొంచెం తీసి ఆ గదిలోకి వదులుతుంది, అది సీలుని తడిపి పెట్రోల్‌తో పాటే కాలిపోతుంది. అంటే ఈ కారు ఆయిల్ తాగడం రోగం కాదు, దాని భోజనమే అది. ఈ ఒక్క ముక్క తెలియక చచ్చిన ఇంజిన్లు ఎన్నో.

ఇంత తిరకాసు ఇంజిన్ ఎవడు పెట్టమన్నాడు అంటే జర్మనీకి వెళ్ళాలి. ఫెలిక్స్ వాంకెల్ ఆలోచన అది, ఎన్ఎస్‌యూ కంపెనీలో 1957లో మొదటిసారి తిరిగింది. చిన్నది, తేలిక, వణుకు లేదు, ప్రపంచంలో సగం కంపెనీలు లైసెన్సు కోసం ఎగబడ్డాయి. హిరోషిమాలో టోయో కోగ్యో అని, అదే మాజ్డా, దాని ప్రెసిడెంట్ సునేజి మత్సుదా కూడా వెళ్ళాడు. ఆయనకి మోజు ఒక్కటే కాదు, భయం కూడా. చిన్న కార్ల కంపెనీలన్నిటినీ పెద్దవాటిలో కలిపేద్దామని జపాన్ ప్రభుత్వం అప్పట్లో చూస్తోంది, ఇంకెవరి దగ్గరా లేనిది ఏదో ఒకటి చేతిలో ఉంటే తప్ప బతకం అనుకున్నాడు. 1961లో ఒప్పందం అయింది.

తీరా చూస్తే జర్మన్లు ఇచ్చింది సగం ఉడికిన అన్నం. కొన్ని గంటలు నడిపి విప్పితే లోపల గోడ మీద అడ్డంగా గీతలు, వరసగా, ఎవరో గోళ్ళతో గీరినట్టు. సీలు గోడ మీద నున్నగా జారకుండా టకటకా ఎగిరి పడుతోంది. జపాన్ ఇంజినీర్లు వాటికి దయ్యం గోళ్ళ గీతలు అని పేరు పెట్టారు. కెనిచి యమమోటో కింద 47 మంది టీమ్, అక్కడి పాత కథలోని 47 మంది రోనిన్ల, అంటే యజమాని లేని సమురాయ్ యోధుల, పేరు వాళ్ళకి అంటుకుంది. సీలు కోసం వాళ్ళు చూడని పదార్థం లేదు, గుర్రం ఎముకల దాకా వెళ్ళారని చెప్పుకుంటారు. చివరికి సీలు లోపల అడ్డంగా బోలు చేస్తే ఆ వణుకు తగ్గింది, తర్వాత కార్బన్‌లో అల్యూమినియం కలిపిన సీలు చేయించారు. 1967 మే నెలలో కాస్మో స్పోర్ట్ అమ్మకానికి వచ్చింది.

అదే ఏడాది జర్మనీలో ఎన్ఎస్‌యూ వాళ్ళు ఆర్ఓ 80 అని బ్రహ్మాండమైన కారు దించారు, యూరప్‌లో కార్ ఆఫ్ ది ఇయర్ కూడా కొట్టింది, కానీ సీళ్ళు పూర్తిగా సిద్ధం కాకుండానే దించేశారు. కొన్నిటికి 50 వేల కిలోమీటర్లు నిండకముందే ఇంజిన్ మార్చాల్సొచ్చింది. రోడ్డు మీద ఇద్దరు ఆర్ఓ 80 ఓనర్లు ఎదురైతే ఎవరికి ఎన్ని ఇంజిన్లు మారాయో వేళ్ళు చూపించుకునేవాళ్ళట. వారంటీ ఖర్చులు మోసీ మోసీ కంపెనీ నడుం విరిగింది, 1969లో ఫోక్స్‌వ్యాగన్ చేతిలోకి పోయింది. సీలు మొరాయిస్తే కొన్నవాడికి కంపెనీ కొత్త ఇంజిన్ ఇచ్చింది, కంపెనీయే మునిగింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఆర్‌ఎక్స్-8 దగ్గరికొచ్చేసరికి ఆ బిల్లు చేతులు మారుతుంది.

మాజ్డా సీలుని దార్లో పెట్టింది కానీ పెట్రోల్‌ని పెట్టలేకపోయింది. 1973 ఆయిల్ సంక్షోభంతో అమెరికాలో రోటరీ అమ్మకాలు పడిపోయాయి, సుమిటోమో బ్యాంకు ఆదుకుంది, ఫ్యాక్టరీ వర్కర్లని షోరూముల్లో కార్లమ్మడానికి పంపారు, 1979లో ఫోర్డ్ 25 శాతం వాటా తీసుకుంది. ఈ దెబ్బతో కంపెనీకి అర్థమైంది ఏంటంటే ఫ్యామిలీ కారులో ఈ ఇంజిన్ పెడితే జనం క్షమించరు, స్పోర్ట్స్ కారులో పెడితే క్షమిస్తారు. 1978 ఆర్‌ఎక్స్-7 ఆ లెక్కే. 1991లో లె మాన్స్ 24 గంటల రేసు కూడా గెలిచారు, నాలుగు రోటర్ల 787బి, ఆ సౌండ్ కోసం యూట్యూబ్‌లో మావాడు ఎన్ని రాత్రులు తగలేశాడో నాకు తెలుసు. కానీ 1995 తర్వాత అమెరికాలో ఆర్‌ఎక్స్-7 అమ్మడం ఆపేశారు. ఈసారి అడ్డం పడినవాటిలో పొగ నిబంధనలూ ఉన్నాయి.

ఇక్కడే ఆర్‌ఎక్స్-8 అసలు కథ. పాత రోటరీల్లో పొగ పోయే కన్నం బయటి గోడకే ఉండేది, సీలు దాన్ని దాటేటప్పుడు కాలని పెట్రోల్ కొంత అలాగే బయటికి పోయేది. కొత్త రెనెసిస్ ఇంజిన్‌లో ఆ కన్నాన్ని పక్క గోడకి మార్చారు. కాలుష్యం తగ్గింది, పెట్రోల్ కాస్త కలిసొచ్చింది, 1.3 లీటర్ల ఇంజిన్‌తో అంత పవర్ రావడం చూసి 2003లో ఇంటర్నేషనల్ ఇంజిన్ ఆఫ్ ది ఇయర్ ఇచ్చారు. కానీ ఏదీ ఊరికే రాదు కదా, పక్క కన్నాల దగ్గర మసి పేరుకోవడం మొదలైంది. ఇంకో చిక్కు చూడండి, పొగ పరీక్ష పాసవ్వాలంటే లోపల కాలే ఆయిల్ ఎంత తక్కువుంటే అంత మంచిది, సీలు బతకాలంటే ఎంత ఎక్కువుంటే అంత మంచిది. మొదటి మోడల్స్‌లో రోటర్‌కి రెండు ఆయిల్ ఇంజెక్టర్లే, 2009 నుంచి మూడు చేశారు. ఆ మూడోది పెట్టడమే ఒప్పుకోలు అని నేననుకుంటా, మీరేమైనా అనుకోండి.

మొదట్లోనే ఇంకో గొడవ కూడా అయింది. అమెరికాలో 247 హార్స్‌పవర్ అని ప్రకటించి, పొగ నిబంధనల కోసం చివర్లో ట్యూనింగ్ మార్చాక 238 అన్నారు, అప్పటికే కొన్నవాళ్ళకి కారు వెనక్కి తీసుకుంటాం లేదా 500 డాలర్లూ ఫ్రీ సర్వీసింగూ ఇస్తాం అన్నారు. సరే, 9 గుర్రాలు పోతే కొంపలేం మునగవు.

కొంపలు ముంచింది వేరే వరస. మొదటి మోడల్స్‌లో పెట్రోల్‌ని అంటించే నిప్పురవ్వకి కరెంటిచ్చే ఇగ్నిషన్ కాయిల్స్ తొందరగా బలహీనపడతాయి. కాయిల్ సరిగ్గా కొట్టకపోతే పెట్రోల్ కాలకుండా సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది, కన్వర్టర్ కరిగి మూసుకుపోతుంది, దారి మూసుకుపోతే వేడి వెనక్కి తన్నుతుంది, ఆ వేడికి సీళ్ళు అరుగుతాయి. అంటే కాయిల్స్ సెట్ మార్చడానికి పిసినారితనం చేసినవాడు ఇంజిన్ మొత్తం మార్చుకుంటాడు. దీనికి తోడు పార్కింగ్‌లో బండి ఇటు నుంచి అటు జరపడానికి స్టార్ట్ చేసి వెంటనే ఆపేస్తే, చల్ల ఇంజిన్‌లో పోసిన ఎక్స్‌ట్రా పెట్రోల్ అలాగే మిగిలి సీళ్ళ మీద ఆయిల్ కడిగేస్తుంది, తర్వాత ఎంత తిప్పినా స్టార్ట్ అవదు. దీన్నే ఫ్లడ్ అవడం అంటారు.

మొదటి ఓనర్లు సరిగా చూసుకోలేదు అని చాలామంది తీర్పు చెప్పేస్తారు. నాకు ఆ మాట నచ్చదు. నలుగురు కూర్చునే కారు, వారంటీ ఉంది, రోజూ ఆఫీసుకి వెళ్ళొచ్చు అనుకుని కొన్నారు వాళ్ళు, పెట్రోల్ కొట్టించినప్పుడల్లా డిప్‌స్టిక్ తీసి ఆయిల్ ఎంతుందో చూసే అలవాటు ఎంతమందికి ఉంటుంది? మాజ్డా కూడా అమెరికాలో 2004 నుంచి 2008 మోడల్స్‌కి ఇంజిన్ వారంటీని 8 ఏళ్ళు లేదా లక్ష మైళ్ళకి పెంచింది, దాని కింద చాలా ఇంజిన్లు ఫ్రీగా మారాయి. ఆర్ఓ 80 రోజుల్లో ఎన్ఎస్‌యూ మోసినట్టే ఇన్నాళ్ళూ కంపెనీ మోసింది. కానీ ఆ గడువు ఎప్పుడో అయిపోయింది. ఇక సీలు పోతే బిల్లు ఎవరి పేరు మీద బండి కాగితాలు ఉంటే వాడిది, లిస్టింగ్‌లో రేటు తక్కువగా కనిపించేది అందుకే, రాబోయే ఇంజిన్ ఖర్చు ముందే అందులోంచి తీసేశారు.

కాబట్టి కొనేముందు చూడాల్సింది పెయింటూ సీట్లూ కాదు, కంప్రెషన్, అంటే సీళ్ళు లీకవకుండా రోటర్ లోపలి గాలిని ఎంత గట్టిగా నొక్కగలుగుతోందో. అదీ మామూలు మెకానిక్ గేజ్‌తో కాదు, రోటర్‌కి మూడు ముఖాలుంటాయి, మామూలు గేజ్ మూడింట్లో పెద్ద అంకె ఒక్కటే చూపించి ఊరుకుంటుంది, మిగతా రెండూ చచ్చినా తెలియదు. రోటరీ టెస్టర్‌తో చేస్తే రెండు రోటర్లకి ఆరు అంకెలు వస్తాయి. 250 ఆర్‌పీఎం దగ్గర మాజ్డా లెక్క ప్రకారం కొత్త ఇంజిన్‌కి చదరపు సెంటీమీటరుకి 8.5 కిలోల ఒత్తిడి ఉండాలి, 6.9 కన్నా తగ్గితే పనికిరాదు. దీని ఖర్చు ఒక బిర్యానీ పార్టీ అంత అవుతుంది, అయినా చేయించాల్సిందే. డబ్బు పెట్టని టెస్ట్ ఇంకోటుంది: అరగంట బాగా తిప్పి, ఆపి, పది నిమిషాలాగి మళ్ళీ స్టార్ట్ చేయాలి. వేడి మీద స్టార్టర్ తిప్పుతూనే ఉండాల్సొస్తే దండం పెట్టి వచ్చేయండి. అమ్మేవాడు ఇంజిన్ మార్చాం అంటే కాగితం అడగండి, ఏ ఏడాది, ఎన్ని మైళ్ళ దగ్గర అని.

ఆ ఎర్ర కారు చూడ్డానికి నేను కూడా వెళ్ళా. ఓనర్ అరవై దాటిన పెద్దాయన, మేం రాగానే "బానెట్ ముట్టుకుని చూడండి, చల్లగానే ఉంది, ముందే వేడి చేసి పెట్టలేదు" అన్నాడు. డిక్కీ తీస్తే రెండు క్వార్ట్ ఆయిల్ డబ్బాలు, ఒక గరాటు, పాత బనీన్ గుడ్డ. ఆ గరాటు చూడగానే నాకు సగం నమ్మకం కుదిరింది. అరగంట తిప్పి, పది నిమిషాలు ఆ ఎండలో చెమటలు కక్కుతూ నిలబడి, తాళం తిప్పితే ఠక్కున అందుకుంది. టెస్ట్ కాగితంలో ఆరు అంకెలూ 7.3కి 7.7కి మధ్య వచ్చాయి. మావాడి మొహం వెలిగిపోయింది.

నేనే వద్దన్నా. వాడి అపార్ట్‌మెంట్ నుంచి కాలేజీ రెండు మైళ్ళు. ఇంజిన్ వేడెక్కేలోపే పార్కింగ్ వచ్చేస్తుంది, రోజుకి నాలుగుసార్లు అదే పని, ఎంత మంచి ఆర్‌ఎక్స్-8 అయినా ఆ వాడకానికి పుట్టలేదు. రెండు రోజులు మాట్లాడలేదు నాతో.

ఈ కారు తయారీ 2012లో ఆగిపోయింది. పదకొండేళ్ళ తర్వాత 2023లో మాజ్డా మళ్ళీ రోటరీ తెచ్చింది, ఎమ్ఎక్స్-30లో, ఈసారి చక్రాలు తిప్పడానికి కాదు, బ్యాటరీ ఛార్జ్ చేయడానికి మాత్రమే. అందులో అపెక్స్ సీల్ మందం 2 మిల్లీమీటర్ల నుంచి 2.5 చేశారు. అది మావాడికి ఫార్వర్డ్ చేస్తే ఒక్కటే రిప్లై వచ్చింది: "అర మిల్లీమీటరా అన్నా?"