పర్మిట్ పనికా, మనిషికా?

ఇంట్లో ప్లగ్ పాయింటు మార్చడానికి పర్మిట్ కావాలా అని అడిగితే చాలామంది నవ్వుతారు. షాపులో చెప్తే కుర్రాడొచ్చి పది నిమిషాల్లో బిగించి పోతాడు, ఇంత చిన్న పనికి పర్మిట్ ఏమిటండీ అంటారు. కానీ మన దేశంలో ఈ ప్రశ్నకు జవాబు దాదాపు 70 ఏళ్లుగా అచ్చులోనే ఉంది. చదివినవాళ్లు తక్కువ, అంతే.

కథ అంతకన్నా పాతది. డార్జిలింగ్ దగ్గర సిద్రాపాంగ్‌లో జలవిద్యుత్ కేంద్రం నడవడం మొదలైంది 1897లో. అంతకు పదేళ్ల ముందే, 1887లో, కరెంటు వల్ల మనుషులకూ ఆస్తులకూ ముప్పు రాకుండా ఒక చట్టం చేసి పెట్టారు. వెలుగు కన్నా ముందు భయం వచ్చిందన్నమాట. 1903లో ఇంకో చట్టం, దాని స్థానంలో 1910 చట్టం వచ్చాయి. హుస్సేన్ సాగర్ గట్టున థర్మల్ కేంద్రం పెట్టింది 1920లో కాబట్టి, హైదరాబాద్ వీధుల్లో దీపాలు విరివిగా వెలిగే నాటికే బ్రిటిష్ ఇండియాలో ఈ చట్టాలన్నీ ఉన్నాయి.

అసలు విషయం 1956 నాటి భారత విద్యుత్ నిబంధనల్లో ఉంది. అందులో 45వ నిబంధన ప్రకారం కొత్త వైరింగే కాదు, ఉన్న వైరింగుకు చేర్పులు, మార్పులు, రిపేర్లు చేయాలన్నా ముగ్గురు ఉండాలి. రాష్ట్ర ప్రభుత్వం లైసెన్సు ఇచ్చిన కాంట్రాక్టరు పని ఒప్పుకోవాలి. యోగ్యతా పత్రం ఉన్న సూపర్‌వైజరు దగ్గరుండి చూడాలి. చేసే మనిషికి వైర్‌మన్ పర్మిట్ ఉండాలి. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు, ఇంట్లో వాడే చిన్న సామాన్లు మార్చుకోవడానికి ఇవేవీ అక్కర్లేదు. ఈ మినహాయింపుకు ఒక మెలిక పెట్టారు: ఆ మార్పు వల్ల ఇన్‌స్టలేషన్, అంటే ఇంట్లోని మొత్తం కరెంటు ఏర్పాటు, దాని సామర్థ్యం గానీ స్వభావం గానీ మారకూడదు.

నా దృష్టిలో ఆ మెలికలోనే సంగతంతా ఉంది. పాత ఇళ్లలో మీటరు పక్కన తెల్ల పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజులు ఉండేవి గుర్తుందా? ఫ్యూజు పోతే లాగి, రెండు స్క్రూల మధ్య సన్నని ఫ్యూజు వైరు చుట్టి మళ్లీ గుచ్చేవాళ్లం. అది ఎవరైనా చేసుకోవచ్చు. మాటిమాటికీ పోతోందని విసుగొచ్చి మామూలు వైరులోంచి రెండు రాగి పోగులు పీకి మెలేసి కట్టేవాళ్లు చూడండి, వాళ్లు గీత దాటినట్టే. చూడ్డానికి అదే ఫ్యూజు, అదే స్క్రూడ్రైవరు. కానీ ఇప్పుడు లోడెక్కితే ముందు కాలేది ఫ్యూజు కాదు, గోడలోని వైరు.

ఆ రోజుల్లో ఇంటి కరెంటు అంటే నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్లు, ఒక రేడియో. మన వైరింగు ప్రమాణాల్లో లైట్లు, ఫ్యాన్ల సర్క్యూటు ఒక్కోదానికి 10 పాయింట్లు, 800 వాట్లు మించకూడదన్న లెక్క ఉండేది. ఒకటిన్నర టన్నుల ఏసీ ఒక్కటే సుమారు 1,500 వాట్లు లాగుతుంది. దాన్ని తెచ్చి పాత ప్లగ్గుకే తగిలిస్తే కంటికి ఏ మార్పూ కనపడదు, సామర్థ్యం లెక్క మాత్రం తారుమారవుతుంది. గీజరైనా అంతే. ఏసీకి మీటరు దగ్గర్నుంచి విడిగా లైను లాగారంటే అది స్పష్టంగా పర్మిట్ ఉన్న మనిషి చేయాల్సిన పని.

2003 విద్యుత్ చట్టం వచ్చాక భద్రతా నిబంధనలు రాసే పని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థకు వెళ్లింది. 2010లో ఒకసారి, 2023లో మళ్లీ కొత్తవి వచ్చినా పాత 45వ నిబంధన సారం అలాగే ఉంది. మారింది జరిమానా. పాత చట్టం కింద నిబంధన మీరితే గరిష్ఠంగా 300 రూపాయలు. 2003 చట్టం వచ్చినప్పుడు దాని 146వ సెక్షన్‌లో మూడు నెలల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని రాశారు.

అపార్ట్‌మెంట్ల సంగతి వేరు. 15 మీటర్లు దాటిన భవనానికి కరెంటు ఇవ్వాలన్నా, ఆరు నెలలు ఆగిపోయిన సరఫరా తిరిగి ఇవ్వాలన్నా 30 రోజుల ముందే ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుకు రాతపూర్వకంగా చెప్పాలని పాత నిబంధనల్లోనే చేర్చారు. ఈ ఇన్‌స్పెక్టరు కరెంటాఫీసు మనిషి కాడు, ప్రభుత్వం నియమించిన అధికారి. ఈ తేడా చాలామందికి తెలియదు.

అమెరికాలో దారి వేరు. అక్కడ మనిషికి లైసెన్సు ఉన్నా, చాలా ఊళ్లలో పనికి విడిగా పర్మిట్ తీసుకోవాలి. గ్యారేజీలో ఎలక్ట్రిక్ కారు చార్జరు పెట్టించుకున్న మనవాళ్లను అడగండి, సిటీ నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి సంతకం పెట్టిన కథ చెప్తారు. ఇంగ్లండులో ఇళ్ల వైరింగును భవన నిబంధనల కిందికి తెచ్చింది 2005 జనవరిలోనే. కొత్త సర్క్యూటు వేస్తే అధికారులకు తెలియజేయాలి, లేదా తన పనిని తానే ధ్రువీకరించే అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్ చేత చేయించాలి. మన దగ్గర మామూలు ఇంటి రిపేరును ఎవరూ వచ్చి చూడరు. పరీక్ష మనిషికే, ఒకసారి. ఆ తర్వాత అతను గోడలో ఏం కప్పెట్టాడో ఆ గోడకే తెలియాలి.

2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒక పాత ఇల్లు కాలి 17 మంది చనిపోయారు. షార్ట్ సర్క్యూటే కారణమని అధికారులు మొదట్లో చెప్పారు. ఆ వార్త చదివిన వారానికే మా ఇంట్లో ఏసీకి లైను లాగాల్సి వచ్చింది. వచ్చిన కుర్రాడిని పర్మిట్ ఉందా బాబూ అని అడిగాను. డ్రిల్లింగ్ మెషీను ఆపి, నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, "లైసెన్సు మా ఓనర్‌కుంది సార్" అన్నాడు. ఆ ఓనరు అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ మా గుమ్మం తొక్కలేదు.