విల్సన్ వ్యాధి: ఓపీలో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

చేతిరాత పాడైందని బడిలో తిట్లు, చొంగ కారుస్తున్నాడని ఇంట్లో తిట్లు. అలాంటి పిల్లాణ్ని రెండు చేతులూ మడిచి ఛాతీ ముందు పెట్టమంటే పక్షి రెక్కలు కొట్టుకున్నట్టు ఊగుతాయి. న్యూరాలజిస్టు దగ్గరికి వచ్చేసరికే తాయెత్తులూ, దిష్టి తీయడాలూ అయిపోయి ఉంటాయి. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఆ పోయిన కాలమే.

అపోహ: పిల్లాడిది బద్ధకం, లేదంటే గాలి సోకింది.

వాస్తవం: ఒంట్లో రాగి పేరుకుపోతోంది. విల్సన్ వ్యాధి అంటే ఇదే. ఏటీపీ7బీ అనే జన్యువులో లోపం ఉంటే, కాలేయం అదనపు రాగిని పైత్యరసంలోకి పంపలేదు. అది ముందు కాలేయంలో, తర్వాత మెదడులో చేరుతుంది. వణుకు, ముద్దమాట, మెడో చెయ్యో మెలితిరగడం, ఉన్నట్టుండి కోపం, చదువులో వెనకబడటం అన్నీ దాని పనే.

అపోహ: మా రెండు వైపులా ఎవరికీ లేదు, వంశపారంపర్యం ఎలా అవుతుంది?

వాస్తవం: తల్లిలో ఒకటి, తండ్రిలో ఒకటి లోపమున్న జన్యువు ఉన్నా వాళ్లు ఆరోగ్యంగానే ఉంటారు. రెండూ బిడ్డకు చేరితేనే జబ్బు. ప్రతి కాన్పులోనూ ఆ అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికాల్లో ఈ ముప్పు ఎక్కువ, బయటి సంబంధమైతే అసలు రాదనీ కాదు. అందుకే తోబుట్టువులందరికీ పరీక్ష చేయించమని పట్టుబడతాను. "నిక్షేపంగా ఉన్న పిల్లకి ఎందుకండీ?" అంటారు. నిక్షేపంగా ఉన్నప్పుడే మందు మొదలుపెడితే ఆ పిల్లకి వణుకు రాకుండా ఆపగలం. అన్నకు దక్కని అవకాశం అది.

అపోహ: ఒక్క రక్తపరీక్షతో తేలిపోతుంది.

వాస్తవం: రక్తంలో రాగిని మోసే ప్రొటీన్ సెరులోప్లాస్మిన్. అది డెసిలీటరుకు 20 మిల్లీగ్రాముల లోపు ఉంటే అనుమానిస్తాం. కానీ కొందరు రోగుల్లో అది మామూలుగానే ఉంటుంది. కంటి డాక్టరు స్లిట్ ల్యాంప్ అనే కంటిని పెద్దదిగా చూపే పరికరంతో నల్లగుడ్డు అంచున గోధుమ, ఆకుపచ్చ కలిసిన వలయం కోసం చూడాలి. మెదడు లక్షణాలున్నవాళ్లలో అది దాదాపు అందరిలో కనిపిస్తుంది. తర్వాత 24 గంటల మూత్రంలో రాగి. పొద్దున మొదటిసారి పోసింది వదిలేసి, మర్నాడు పొద్దున పోసిందాకా మొత్తం పట్టాలి, అదీ ల్యాబ్ ఇచ్చిన డబ్బాలోనే. 100 మైక్రోగ్రాములు దాటితే జబ్బు వైపే చూపిస్తుంది.

అపోహ: రాగి చెంబులో నీళ్లు అందరికీ మంచివి.

వాస్తవం: వీళ్లకు వద్దు. కాలేయం కూర, రొయ్యలు, పుట్టగొడుగులు, జీడిపప్పు, చాక్లెట్ కూడా మొదటి ఏడాది మానాలి. పథ్యం ఒక్కటే చాలదు, మందు తప్పదు.

అపోహ: పుట్టుకతో వచ్చినదానికి మందేముంటుంది?

వాస్తవం: 1912లో డాక్టర్ విల్సన్ వర్ణించినప్పుడు ఇది ప్రాణం తీసే జబ్బే. 1956లో డాక్టర్ వాల్ష్, రాగిని మూత్రంలో బయటికి పంపే పెన్సిలమిన్ అనే మందు ఇవ్వడంతో కథ మారింది. ఇప్పుడు ట్రయంటిన్, జింక్ అనే మందులు కూడా ఉన్నాయి. పెన్సిలమిన్‌తో కొందరికి మొదట్లో వణుకు పెరుగుతుంది. అందుకే చిన్న మోతాదుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతాం. పెరిగిందనిపిస్తే మీరే ఆపేయకండి, వెంటనే చెప్పండి. ఈ మందులు పరగడుపున, అంటే తిండికి గంట ముందో రెండు గంటల తర్వాతో వేసుకోవాలి.

అపోహ: బాగైపోయింది కాబట్టి ఆపేయొచ్చు.

వాస్తవం: ఆపేసిన కొన్ని నెలల్లోనే కాలేయం పూర్తిగా దెబ్బతిని చనిపోయినవాళ్లున్నారు. చికిత్స జీవితాంతం. కడుపుతో ఉన్నామని కూడా మానకూడదు. మోతాదు మారుస్తాం తప్ప మందు ఆపం. నెల తప్పిందని తెలిసిన రోజే మీ డాక్టరుకు ఫోన్ చేయండి.