పాసుపుస్తకం ఉందని పాత మండువా ఇల్లు కొనేస్తున్నారా?

"లాయర్‌గారూ, రెండెకరాల కొబ్బరితోట, పక్కనే పాత మండువా ఇల్లు. పాసుపుస్తకం అమ్మే ఆయన పేరు మీదే ఉంది, ఈసీ కూడా క్లీన్. అడ్వాన్సు ఇచ్చేశాం. కాగితాలు ఒకసారి చూస్తారా?"

గోదావరి జిల్లాల్లో ఆస్తి కాగితాలు చూసే నాకు ఈ మాట మళ్ళీ మళ్ళీ వినబడుతోంది. పాసుపుస్తకం అంటే పొలానికి రెవెన్యూ శాఖ ఇచ్చే పట్టాదారు పుస్తకం. ఈసీ అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం. కూలిపోతున్న ఇంటిని నిలబెట్టి అందులో ఉండాలనుకునేవాళ్ళంటే నాకు గౌరవం. నా కోపమంతా "పాసుపుస్తకం ఉంది కదా, ఇంకేం చూస్తారు" అని వాళ్ళను తొందరపెట్టే మధ్యవర్తుల మీదే.

అపోహ: పొలం ఎవరి పేరున ఉంటే ఇల్లూ వాళ్ళదే.

ముందు ఆ ఇల్లు ఏ నేల మీద ఉందో చూడండి. ఊరి అంచున తోటను ఆనుకుని ఉన్న ఇల్లు చాలాసార్లు గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్ళ కోసం వదిలిన నేలలో ఉంటుంది. గ్రామకంఠానికి పాసుపుస్తకమే ఇవ్వరు. అంటే మీ చేతిలో ఉన్న పుస్తకానికీ ఆ ఇంటికీ సంబంధమే లేదు. పంచాయతీకి కట్టిన ఇంటిపన్ను రసీదు చూపిస్తారు. అది పన్ను కట్టినట్టు రుజువే గానీ హక్కుపత్రం కాదు. సర్వేయర్ చేత కొలిపించి, ఎఫ్ఎంబీతో (సర్వే శాఖ కొలతల పటంతో) సరిచూస్తే ఈ సంగతి ఒక్క పూటలో తేలిపోతుంది.

ఇల్లు పొలం సర్వే నంబరులోనే ఉన్నా కథ అయిపోలేదు. రెవెన్యూ రికార్డులో పేరుంటే, తప్పని రుజువయ్యేదాకా అది నిజమని అనుకుంటారు, అంతే. పేరెక్కినంత మాత్రాన హక్కు పుట్టదని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది.

అసలు చిక్కు వారసుల దగ్గర వస్తుంది. మా వైపు అన్నదమ్ములు పొలాలు పంచుకుంటారు, పాసుపుస్తకాలు విడివిడిగా చేయించుకుంటారు. ఇల్లు మాత్రం "అమ్మ ఉన్నంతకాలం ఉండనీ" అని వదిలేస్తారు. అమ్మ పోతుంది, ఒకరు విశాఖ, ఒకరు హైదరాబాదు, ఇల్లు అలాగే ఉమ్మడిగా మిగిలిపోతుంది. నేను చూడటానికి వెళితే కాగితాలకంటే ముందు ఇంటినే చూస్తాను. మండువా మధ్యలో అడ్డగోడ, రెండు వంటిళ్ళు, రెండు కరెంటు మీటర్లు, గదికో రకం తాళం కనిపించాయంటే వాటాదారులు ఒకరికంటే ఎక్కువమంది ఉన్నట్టే. ఆ మీటర్ల మీద పేర్లు రాసుకోండి. ఎవరెవరిని వెతకాలో అక్కడే తెలుస్తుంది.

ఇక "ఆడపిల్లలకు పసుపు కుంకుమ కింద ఇచ్చేశాం, వాళ్ళ సంతకాలెందుకు" అనే మాట. హిందూ కుటుంబాల్లో తండ్రి 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చాక వీలునామా లేకుండా పోతే, ఆయన సొంత ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా. పిత్రార్జితంలోనూ 2005 సవరణతో సమాన హక్కు వచ్చింది. తండ్రి అప్పటికి బతికి ఉండాల్సిన పనిలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20 కంటే ముందే పంపకమో అమ్మకమో జరిగి ఉంటే వేరే సంగతి. పెళ్ళికి ఇచ్చింది వాటా కిందకి రాదు, ఆమె హక్కు వదులుకుంటూ రిజిస్టరు దస్తావేజు రాసి ఉంటే తప్ప. ఈ అపోహ ఊరికే పుట్టలేదు. ఆ 1956 చట్టంలో 23వ సెక్షన్ ఉండేది. కుటుంబం కాపురముంటున్న ఇంటిని మగవాళ్ళు పంచుకునేదాకా ఆడపిల్ల పంపకం అడగకూడదనేది. దాన్ని 2005లోనే తీసేశారు. ఊళ్ళో మాత్రం ఇంకా అదే చెబుతున్నారు.

ఒక్కరి సంతకంతో కొంటే ఏమవుతుంది? మీకు వచ్చేది ఆయన వాటా మాత్రమే. అవిభక్త కుటుంబపు నివాస గృహంలో వాటా కొన్న బయటివాళ్ళకు మిగతావాళ్ళతో కలిసి స్వాధీనంలో ఉండే హక్కు లేదని ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షన్ చెబుతుంది. పంపకానికి దావా వేయాలి. వేస్తే, 1893 నాటి పార్టిషన్ చట్టం ప్రకారం ఆ కుటుంబంవాళ్ళు కోర్టు కట్టిన ధరకు మీ వాటా కొనేసుకుంటామని అడగవచ్చు.

ఒక జంట ఇలాగే కొని, పెంకులు దించి, పుచ్చిన వాసాలు విప్పి, కొత్త టేకు తెప్పించుకున్నారు. అప్పుడు అమ్మినాయన అక్క పిల్లలు కోర్టు నుంచి ఇంజంక్షన్, అంటే పని ఆపమనే ఉత్తర్వు తెచ్చారు. కప్పులేని సున్నపు గోడల మీద వర్షాకాలం మొత్తం కురిసింది. పని చేయడానికి వీల్లేదు, గోడల మీద టార్పాలిన్ కప్పడానికి కూడా గొడవే. అమ్మినాయన మోసగాడు కాదు, అక్కకు వాటా లేదని మనస్ఫూర్తిగా నమ్మినవాడే.

అపోహ: ఈసీ నిల్ వచ్చింది కాబట్టి భయంలేదు.

ఆంధ్రాలో ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే దొరుకుతుంది. ఇల్లు అంతకుముందుది. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పాత వాల్యూములు వెతికించాలి. నోటిమాట పంపకాలు, రిజిస్టరు కాని వీలునామాలు ఏ ఈసీలోనూ కనబడవు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. రైతు కానివాళ్ళు పొలం కొనకూడదన్న నిబంధన ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ లేదు. ఎన్ఆర్ఐలు మాత్రం పొలం, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. ఇల్లు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడానికి దగ్గర్లో ఉంటే సొంత ఇంటి మరమ్మతుకైనా అనుమతి కావాలి. లంకెబిందెల కబుర్లు నమ్మి నేల తవ్వకండి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాల్సిందే.

అడ్వాన్సు ఇచ్చేసినవాళ్ళు టెన్షన్ పడకండి, ఇంకా టైముంది. అమ్మేవాళ్ళ దగ్గర కాదు, ఇల్లు కట్టినాయన దగ్గర మొదలుపెట్టి వంశవృక్షం రాయించండి. పోయినవాళ్ళ వారసులనూ అందులో చేర్చండి. అందరూ అమ్మకం దస్తావేజులో సంతకం చేయాలి, లేదా ముందే హక్కు విడుదల దస్తావేజులు రిజిస్టరు చేయించాలి. అవి చేతికొచ్చేదాకా మిగతా డబ్బు ఇవ్వకండి. ఒక్క పెంకు కూడా దించకండి.